ఎండు సొర పథ్యం

మా అమ్మ దగ్గర మందు ఒక్కటే ఉంది. ఎండు సొర. బాలింతకి పాలు పడకపోతే ఎండు సొర, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉంటే ఎండు సొర, అలిగి పుట్టింటికెళ్లిన కోడలు తిరిగొస్తే ఆ పూట కూడా ఎండు సొరే. జాలరిపేటలో ఒడ్డున ఇసక మీద చేపలెండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మి, నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆ సరుకు మీద ఆవిడకి ఆ మాత్రం నమ్మకం ఉండడంలో తప్పులేదు. నాకు కీళ్లవాతం అని తేలినప్పుడు కూడా ఒక్క నిమిషం ఆలోచించలేదు.

నాకప్పటికి నలభై దాటలేదు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఓడ సరుకుల కాగితాలు కంప్యూటర్లో కొట్టే పని నాది. పొద్దున్న లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. జడ వేసుకోలేను, పేస్టు మూత తిప్పలేను. ఆఫీసుకెళ్లి కూచున్న కాసేపటికి వదులయ్యేవి. కీబోర్డు ఎక్కువ కొట్టడం వల్లనుకున్నాను. మా ఆఫీసాయన కూడా అదే అన్నాడు, కొంచెం సంతోషంగానే అన్నాడు, తన దగ్గర ఇంతలా పనిచేసేవాళ్లున్నారని రుజువు దొరికింది కదా. తర్వాత మడమలు కూడా వాచేయి. మడమలతో నేను టైపు కొట్టను కాబట్టి డాక్టరు దగ్గరికెళ్లేను.

డాక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నెమ్మదస్తురాలు. రక్తపరీక్షల కాగితం చూసి, ఇది కీళ్లు అరిగి వచ్చిన నొప్పి కాదు, ఒంట్లో రోగాల్ని తరమాల్సిన సైన్యమే తిక్కతిరిగి సొంత కీళ్ల మీద పడుతోంది అంది. వారానికోసారి వేసుకునే మాత్రలు రాసింది. నేను లేవబోతుంటే ఇంకో మాట చెప్పింది.

"ఈ వాపు కీళ్లతో ఆగదండీ. రక్తనాళాల్లో కూడా ఉంటుంది, పైకి కనపడదు. షుగరున్నవాళ్ల గుండెని ఎలా కనిపెట్టుకుంటామో మీ గుండెనీ అలాగే కనిపెట్టుకోవాలి. బీపీ, కొలెస్ట్రాలు అదుపులో ఉండాలి. ఉప్పు బాగా తగ్గించండి."

చేతులు చూపించుకుందామని వెళ్తే గుండె సంగతి ఎత్తిందేటా అనుకున్నాను. పంటినొప్పని వెళ్తే ఇల్లెవరి పేరు మీదుందని అడిగినట్టుంది నాకు.

ఆదివారం పొద్దున్నే అమ్మ కంచరపాలెంలో మా ఇంటికొచ్చింది. వచ్చింది అంటే, ముందు వాసనొచ్చింది, వెనకాల అమ్మొచ్చింది. బస్సులో ఆవిడ పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, కాళ్లు చాపుకుని కూచుంటుంది. మూట విప్పి పథ్యం చెప్పడం మొదలెట్టింది.

"వంకాయ తినకు. గోంగూర ముట్టకు. బంగాళాదుంప వాతం. పచ్చి సేపలు వాతం, పీతలు మరీ వాతం. ఎండు సొర ఏడి సేత్తాది, వాతాన్ని ఇరిసేత్తాది. రెండు పూట్లా తిను."

మా ఆయన స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. విజయనగరం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటివాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చి, ఆ వాసనకి నిద్రపట్టక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మరి డాక్టరు రాసిన మాత్రలో, అత్తా?" అన్నాడు.

"అయ్యీ ఏసుకోమను నాయినా. పాపం ఆయమ్మ కూడా సదూకుంది గదా" అంది అమ్మ. ఆ తర్వాత తన సాక్ష్యం పెట్టింది. "దీని అయ్యకి ఏళ్లు వంకర తిరిగిపోనాయి. ఇదే పథ్యం పెట్టేను. సివరి రోజు దాకా వల లాగేడు."

ఈ మాట మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ వింటున్నదే. మా అయ్య చివరి రోజు దాకా వల లాగిన మాట నిజం. అంతకన్నా రుజువేం కావాలి అనుకునేవాళ్లం. ఆ చివరి రోజు మరీ అంత తొందరగా ఎందుకొచ్చిందని ఎవరం అడగలేదు.

నేను రెండు మతాలూ పుచ్చుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు వేసుకున్నాను, అమ్మ చెప్పినట్టు పథ్యం చేసేను. ఉప్పు తగ్గించమంది కదా అని తగ్గించడం కాదు, ఉప్పు డబ్బానే అటకెక్కించేను. కూరలో వెయ్యను, అన్నంలో కలపను, మజ్జిగలో వేసుకోను. మా ఆయన తన వాటా ఉప్పు ఒక చిన్న సీసాలో పోసుకుని జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఆఫీసులో నేను అన్నం డబ్బా మూత తీస్తే చుట్టుపక్కల కుర్చీలన్నీ ఖాళీ అయిపోయేవి. ప్రశాంతంగా తినేదాన్ని.

వేళ్లు వదులయ్యేయి. మడమల వాపు తీసింది. మందు పనిచేసిందని డాక్టరమ్మ అంది, పథ్యం పనిచేసిందని అమ్మ అంది. ఇద్దర్లో ఎవరినీ నేను నొప్పించలేదు.

బీపీ మాత్రం పెరుగుతూ పోయింది. డాక్టరమ్మ ఒక మాత్ర ఇచ్చింది, తగ్గలేదు. డోసు పెంచింది, తగ్గలేదు. రెండో మాత్ర కలిపింది. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వేసుకుంటున్నారా అని అడిగింది, అవి బీపీని పెంచుతాయట, గుండెకీ మంచివి కావట. లేదన్నాను. ఉప్పు మానేశారా అంది. "డబ్బా అటక మీదుందండీ" అన్నాను. నాలాంటి మాట వినే పేషెంటుని ఆవిడ చూసుండదని నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు ఆఫీసు నుంచొస్తూ రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతున్నాను. సగం మెట్లెక్కేసరికి గుండె దడదడా కొట్టుకుని, ఊపిరి అందక, మెట్టు మీదే కూలబడిపోయేను. జనం నన్ను దాటుకుని వెళ్లిపోతున్నారు. ఒకామె దగ్గరకొచ్చి, "ఏటమ్మా, ఎవరికోసం కూకున్నావు?" అంది. జవాబు చెప్పడానికి కూడా ఊపిరి లేదు. చచ్చిపోతాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

చావలేదు. మర్నాడు డాక్టరమ్మ ఈసీజీ తీయించి, గుండెకి స్కానింగు కూడా చేయించింది. బీపీ వల్ల గుండె గోడ మందమవుతోందట. ఇది ఇలాగే వదిలేస్తే ఈ జబ్బున్న మనిషికి మంచిది కాదంది. తర్వాత కుర్చీ నా వేపు తిప్పుకుని, "నిన్న పొద్దుట్నుంచీ ఏమేం తిన్నారో ఒక్కొక్కటీ చెప్పండి" అంది.

"పొద్దున్న ఇడ్లీ అండీ. ఉప్పు లేకుండా. మధ్యాహ్నం అన్నం, ఎండు సొర. రాత్రి అన్నం, ఎండు సొర, మజ్జిగ. మజ్జిగలో కూడా ఉప్పు వేసుకోను."

"ఎండు సొర అంటే?"

ఆవిడకి తెలీదంటే నాకు హుషారొచ్చింది. చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన నిలబడి చూసిన పని. "సొర చేపని చీల్చి లోపలంతా శుభ్రం చేస్తారండీ. గోలెంలో ఒక వరస ముక్కలు పరుస్తారు, దాని మీద దోసిళ్లతో రాళ్ల ఉప్పు పోస్తారు. మళ్లీ ఒక వరస ముక్కలు, మళ్లీ ఉప్పు. ఉప్పంతా కరిగి ముక్కలోకి ఇంకిపోయే దాకా ఉంచుతారు. అప్పుడు తీసి..."

అక్కడ ఆగిపోయేను. డాక్టరమ్మ కూడా రాయడం ఆపింది.

మా ఇంటి వసారాలో ఉప్పు బస్తాలు గోడెత్తున ఉండేవి. ఆ బస్తాల మీద కూచుని నేను ఎక్కాలు చదువుకున్నాను. ఆ సరుకుని బజార్లో ఉప్పుచేప అనే అడుగుతారు, పేరులోనే ఉప్పు పెట్టుకుని తిరుగుతోంది అది. అయినా నాకు తట్టలేదు. మా పేటలో ఎవర్నడిగినా తట్టదు. మాకు ఉప్పంటే డబ్బాలోంచి తీసి కూరలో వేసేది. చేపలో ఉన్నది ఉప్పు కాదు, చేప. పైగా అది పథ్యం. పథ్యం చెడుపు చేస్తుందని ఎవరనుకుంటారు?

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "అది పూర్తిగా మానేయండి" అని, "మీ ఇంట్లో ఈ కీళ్లవాతం ఇంకెవరికైనా ఉందా?" అనడిగింది.

మా అయ్య గురించి చెప్పేను. వేళ్లు వంకరపోయిన సంగతి, పొద్దున్నే తెడ్డు పట్టుకోలేక అమ్మ చేత వేడినీళ్లు పోయించుకున్న సంగతి. ఎలా పోయేరు అంది. "ఒడ్డున వల లాగుతూ, తాడు చేతిలో ఉండగానే పడిపోయేడండీ. గుండాగిపోయిందన్నారు. యాభై నిండలేదు."

ఆవిడ అది కూడా రాసుకుంది. "చూడని మనిషి గురించి ఖాయంగా చెప్పలేను. మీకున్న జబ్బే ఆయనకీ అయ్యుండొచ్చు. ఆ వాపూ, బీపీ అన్నీ కలిసి గుండె మీద పడుండొచ్చు" అంది.

మా ఇంట్లో ఇవి రెండూ వేర్వేరు సంగతులు. కీళ్లు మా అయ్యని బతికినన్నాళ్లూ ఏడిపించేయి, గుండె ఒక్క క్షణంలో పట్టుకుపోయింది. ఆ రెంటికీ చుట్టరికం ఉందని మాకు తెలీదు. ఆటోలో ఇంటికొస్తుంటే అప్పుడు తోచింది నాకు. రెండు పూటలా పీట వేసి, పక్కన కూచుని, ఆ ఎండు సొరే ఇంకో ముక్క తిను అని బతిమాలి పెట్టింది అమ్మ. ఆయనకిష్టం లేకపోయినా పెట్టింది. ఈ సంగతి ఆవిడకి తెలిస్తే ఎలాగ? అంతవరకూ నా గుండె గురించి భయపడ్డాను. అక్కణ్నుంచి నా భయమంతా అమ్మ గురించే. ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదు, అంతే.

మా ఆయనతో చెప్పేను. "చెప్పకు. మూట తీసుకో, పక్కవాళ్లకిచ్చెయ్" అన్నాడు. మంచి సలహాయే. కాని అమ్మ మూట ఇచ్చి వెళ్లిపోయే మనిషి కాదు, వండి, వడ్డించి, నేను మింగే దాకా ఎదురుగా కూచునే మనిషి. అందుకని ఫోన్ చేసేను.

"అమ్మా, డాక్టరమ్మ పథ్యం మార్చింది. ఉప్పున్నదేదీ వద్దంది. ఎండు సొర కూడా వద్దంది."

అట్నుంచి సముద్రం హోరొక్కటే వినపడింది.

"గుండెకా?" అంది.

"ఆ, బీపీ ఉంది కదా. అందుకని."

"వాతమున్నోలకి గుండెకొత్తాదంటందా ఆయమ్మ?"

"అందరికీ కాదులే."

"సర్లే" అని పెట్టేసింది. ఇంత తేలిగ్గా అయిపోయిందేమా అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. మూట ఎప్పటికన్నా పెద్దది.

"వద్దన్నాను కదా!"

"ఆయమ్మకేటి తెల్సు? మీ అయ్యకి ఇదే పెట్టేను, సివరి రోజు దాకా వల లాగేడు."

ఆవిడ మీద గెలవడానికి నా దగ్గర ఒకే ఒక్క జవాబుంది, అది నోట్లోంచి రాకూడనిది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆకలి లేదని చెప్పి లేచిపోయేను. ఆవిడ వెళ్లేక మూట తీసుకెళ్లి కింది వాటా ఆవిడకిచ్చేను, ఆవిడకి బీపీ లేదని అడిగి తెలుసుకుని మరీ ఇచ్చేను.

పై ఆదివారం మళ్లీ అదే. ఆ పైనా అదే. వద్దంటే ఇంకా ఎక్కువ తెచ్చేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే సరిపోదు, ఆ మూడు కాళ్ల కుందేల్ని నెత్తిన పెట్టుకుని బస్సెక్కి వచ్చేది. కూతురి గుండె పాడవుతుందని చెప్పినా ఈవిడకి తన మాటే గెలవాలా అని నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి పళ్లెం తోసేసేను కూడా. ఆవిడ ఏమీ అనకుండా కింద పడ్డ ముక్కలేరి కొంగులో వేసుకుంది. కింది వాటా ఆవిడ మాత్రం మా అమ్మని దేవతంటుంది.

ఇలా ఉండగా ఒకనాడు, "నానూ వత్తాను. ఆ డాట్రమ్మని ఓపాలి సూడాల" అంది అమ్మ. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. ఆస్పత్రిలో ఆవిణ్ని బయట బల్ల మీద కూచోబెట్టి, నేను ముందు లోపలికెళ్లి, "మా అయ్య సంగతి ఎత్తకండి, దండం పెడతాను" అని డాక్టరమ్మని బతిమాలేను. ఆవిడ తలూపింది.

అమ్మ లోపలికొచ్చి, కొత్త చీర కొంగులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "మీకే, అమ్మా. మంచి సొర."

గదంతా గుప్పుమంది. నర్సు కిటికీ తెరిచింది. డాక్టరమ్మ పొట్లం తీసుకుని, "ఇంత దూరం మోసుకొచ్చారా" అని సొరుగులో పెట్టుకుంది. ఆ సొరుగులో ఉన్న మందుల చీటీల పుస్తకం ఇప్పటికీ వాసనేస్తుంటుంది.

నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. చాలా తగ్గింది. తగ్గిందని సంతోషంగా పైకి అనేసింది. అన్న తర్వాత నా మొహం చూసింది.

"సేప మానేసినందుకేనా?" అంది అమ్మ.

"మాత్రలు కూడా పనిచేస్తున్నాయమ్మా" అంది డాక్టరమ్మ. పాము చావకుండా, కర్ర విరక్కుండా చెప్పింది. నెమ్మదస్తురాలని ముందే చెప్పేను.

అమ్మ ఆ మిషన్ వేపు చూస్తూ కూచుంది. "ఈ వాతమున్నోలకి గుండె మీదకొత్తాదని మీకు ముందే తెల్సా?"

"తెలుసమ్మా. అందుకే వచ్చినప్పుడల్లా బీపీ చూస్తాం, రక్తపరీక్ష చేయిస్తాం. ముందుగా పట్టుకుంటే చాలావరకు ఆపొచ్చు."

"మావోలకి తెల్దమ్మా" అంది. అని దండం పెట్టి లేచింది. నేను భయపడ్డ ప్రశ్న అడగలేదు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

బస్టాపులో ఇద్దరం నిలబడ్డాం. ఎండ మాడిపోతోంది. గండం గడిచింది కదా, ఇప్పుడు నాకు కోపమొచ్చింది. "నీ కళ్లతో నువ్వే చూసేవు. మానేస్తే తగ్గింది. ఇకనైనా తేవడం ఆపుతావా? నేను చచ్చే దాకా మోస్తావా?"

అమ్మ రోడ్డు వేపే చూస్తోంది. "నువ్వు ఫోన్ల సెప్పిన్నాడే తెల్సింది నాకు."

"ఏటి తెలిసింది?"

"మీ అయ్య సంగతి."

పక్కనున్నవాళ్లు బస్సొచ్చిందేమోనని ముందుకెళ్లి, కాదని వెనక్కొచ్చేరు.

"తెలిసి మరెందుకు తెచ్చేవమ్మా ప్రతీ వారం?" అన్నాను.

"తేవడం మానేత్తే ఒప్పుకున్నట్టే గదే" అంది అమ్మ.

ఆవిడ ఏడవలేదు. చెమట తుడుచుకున్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పళ్లెం తోసేసిన రోజు ఆవిడ కింద ముక్కలేరుతున్నప్పుడు ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే ఆ రోడ్డు మీదే కూలబడిపోవాలనిపించింది. ఏదో ఒకటి చెప్పాలి. వెతుక్కోగా వెతుక్కోగా నిజమైన మాటే ఒకటి దొరికింది.

"అయ్య రోజంతా చుట్టలు తాగేవాడమ్మా. గుండెకి అన్నిటికన్నా చెడుపు పొగే. కావాలంటే వెనక్కెళ్లి డాక్టరమ్మనే అడుగుదాం పద. నీ చేప వల్ల కాదు, ఆ చుట్టల వల్లే."

అమ్మ నా వేపు తిరిగింది.

"అయ్యీ నానే కొనితెచ్చీదాన్నే" అంది.

బస్సొచ్చింది. ఎక్కేం. ఆవిడ చేతిలో మూట లేదు కాబట్టి సీట్లో ఇద్దరం ఇరుక్కుని కూచున్నాం, పక్కన మూడో మనిషి కూడా కూచుంది. కాసేపటికి అమ్మ నా చెయ్యి తీసుకుని గట్టిగా నొక్కి పట్టుకుంది. ఎంత నయమైనా నా వేళ్ల కణుపులు నొక్కితే ఓర్చుకోలేవు. ప్రాణం పోయేంత నొప్పెట్టింది. దిగే దాకా వదలమని అనలేదు.